పార్కుకు వచ్చిన కొత్త పిట్ట

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. మీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకూ కాలు నిలవడం లేదు. పార్కులో నీటి ఒడ్డున ఎన్నడూ చూడని పిట్ట వాలిందనీ, చూసినవాళ్లంతా తలో పేరు చెబుతున్నారనీ రాశారు. పేరు ఎక్కడికీ పోదు, పిట్ట పోతుంది. ముందు దాన్ని తనివితీరా చూడండి.

పరిమాణంతో మొదలుపెట్టండి. పిచ్చుకంత, గోరింకంత, పావురమంత, కాకంత అనే నాలుగు కొలతలు మనసులో ఉంటే ఏ పిట్టనైనా సుమారుగా అంచనా వేయవచ్చు. ఆ తరువాత ముక్కు. రంగు కన్నా అదే ఎక్కువ కబుర్లు చెబుతుంది. పొట్టిగా, మందంగా ఉంటే గింజలు కొరికేది. సన్నగా ఉంటే పురుగులు ఏరుకునేది. బాగా పొడవైతే బురదలో దూర్చి వెతుక్కునేది. కంటి మీదుగా గీత ఉందా? రెక్క మీద తెల్ల పట్టీ ఉందా? నేల మీద గెంతుతోందా, అడుగులు వేస్తోందా? తోక ఆడిస్తోందా? ఇవన్నీ పిట్ట కళ్లెదుట ఉండగానే కాగితం మీద పెట్టండి. బొమ్మ వంకరగా వచ్చినా ఫరవాలేదు. పక్షుల పుస్తకం ముందే తెరిచారంటే అందులో ఉన్నదే పిట్టలోనూ కనబడుతుంది.

ఇప్పుడు కాస్త నిరుత్సాహపరిచే మాట. అరుదైనదని అందరూ గుమిగూడి చూసే పిట్ట చాలాసార్లు వేషం మారిన పాత పిట్టే అవుతుంది. పిల్ల పక్షులకు పెద్దవాటి రంగులు ఉండవు. పాత ఈకలు రాలి కొత్తవి వచ్చే కాలంలో పెద్దవీ గుర్తుపట్టలేనట్లు తయారవుతాయి. రంగు లోపించి తెల్లబడ్డ కాకులూ ఉంటాయి. పంజరం నుంచి తప్పించుకున్నవి సరేసరి. 2018లో న్యూయార్క్‌లోని సెంట్రల్ పార్కులో ఒక మాండరిన్ బాతు ప్రత్యక్షమై ప్రపంచమంతటా వార్తల్లోకెక్కింది. రంగుల పెట్టెలో మునిగి లేచినట్టుండే ఆ బాతుల స్వస్థలం తూర్పు ఆసియా. అంత దూరం ఎగిరి వచ్చిందేమో అని మురిసిపోదామంటే దాని కాలికి గుర్తు కోసం తొడిగే కడియం లాంటి కట్టు ఉంది. ఎవరో పెంచుకుంటుండగా తప్పించుకున్నదే కావాలి. అదే పార్కులో 2021 జనవరిలో వాలిన మంచు గుడ్లగూబ మాత్రం అచ్చమైన అతిథి. అంతకుముందు అక్కడ ఆ పక్షిని చూసినట్లు నమోదైంది 1890లో!

కాబట్టి కాళ్ల వంక చూడడం మరవకండి. కట్టు కనిపించగానే పెంపుడుదని తీర్మానించకండి కూడా. పరిశోధకులు అడవి పక్షులకూ అంకెలు చెక్కిన తేలికైన కట్లు వేస్తారు. 1899లో డెన్మార్క్‌లో మార్టెన్సెన్ అనే ఉపాధ్యాయుడు మన గోరింకకు చుట్టమైన స్టార్లింగ్ పక్షులకు అల్యూమినియం కట్లు వేయడంతో ఆ పద్ధతి ఊపందుకుంది.

సరే, మీ పిట్ట నిజంగానే దారి తప్పి వచ్చిందనుకుందాం. ఎందుకు తప్పుతుంది? నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. పెర్డెక్ అనే డచ్ శాస్త్రజ్ఞుడు చేసిన ప్రయోగం ఒకటి ఉంది, ఫలితాలు 1958లో వచ్చాయి. శీతకాలం గడపడానికి నెదర్లాండ్స్ మీదుగా వెళ్లే స్టార్లింగ్‌లను వేల సంఖ్యలో పట్టి, కట్లు వేసి, విమానంలో స్విట్జర్లాండ్ తీసుకెళ్లి వదిలారు. అంతకుముందే ఆ ప్రయాణం చేసి ఉన్న పెద్ద పక్షులు ఎక్కడో తేడా జరిగిందని పసిగట్టి, దిశ మార్చుకుని, తమకు అలవాటైన చోటు వైపు మళ్లాయి. తొలిసారి బయలుదేరిన కుర్ర పక్షులు మాత్రం పుట్టుకతో వచ్చిన దిశనే పట్టుకుని ఎగిరి దక్షిణ ఫ్రాన్స్‌లోనూ స్పెయిన్‌లోనూ తేలాయి. ఎటు ఎగరాలో వాటికి తెలుసు, ఎక్కడికో తెలియదు. మధ్యలో తుఫాను గాలి పక్కకు తోసిందంటే ఇక సర్దుకోలేవు. దారి తప్పి వచ్చేవాటిలో తొలి ఏడాది పక్షులు తరచుగా కనబడడానికి ఇదొక కారణం. మీ అతిథి ఈకలు ఇంకా పిల్ల రంగులోనే ఉన్నాయేమో చూడండి.

అలాగని కుర్ర పక్షులను చిన్నచూపు చూడవద్దు. 2022లో సుమారు ఐదు నెలల వయసున్న గాడ్విట్ ఒకటి అమెరికాలోని అలాస్కా నుంచి ఆస్ట్రేలియా దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవికి 13,560 కిలోమీటర్లు 11 రోజుల్లో ఎక్కడా దిగకుండా వెళ్లింది. నీళ్లలో నిలబడి మేసే పొడవు ముక్కు పిట్ట అది, సముద్రం మీద దిగి సేదతీరడం దానికి కుదరదు. బయలుదేరే ముందు ఒంట్లో కూడబెట్టుకున్న కొవ్వే దారి పొడుగునా ఆహారం.

మీ పిట్ట కూడా ఆ కొవ్వు కరిగించుకునే వచ్చి ఉంటుంది. దానికి ఇప్పుడు కావలసింది మేత, విశ్రాంతి. మేస్తున్నది ఆగి మెడ నిక్కించి మీ వైపు చూసిందంటే మీరు ఎక్కువ దగ్గరకు వెళ్లినట్లే. అడుగు వెనక్కి వేయండి, మళ్లీ తల వంచి మేత మొదలుపెట్టేదాకా కదలకండి. దాని కూతను ఫోనులో వినిపించి పిలవాలని చూసేవాళ్లు తప్పకుండా ఎవరో ఒకరు ఉంటారు. మర్యాదగా వద్దనండి. మరో పక్షి తన మీదికి వస్తోందనుకుని అది మేత మాని కంగారు పడుతుంది. ఫోటో కోసం లేపి ఎగరగొట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట, వాళ్లతో నాకంత మర్యాదగా మాట్లాడడం చేతకాదు.

ఫోటో తరువాత పంపవచ్చు. ముందు మీరు గీసిన బొమ్మ, రాసుకున్న వివరాలు పంపండి. ముక్కు పొడవు తలతో పోలిస్తే ఎంతుందో, కాళ్ల రంగేమిటో మీ ఉత్తరంలో లేవు. ఆ రెండూ లేకుండా నేనే కాదు, ఎవరూ పేరు చెప్పలేరు.

మీ
తాతయ్య