సోడా, డ్రింకు, నన్నారి: పేర్ల మీద అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో నాది సోడా కొట్టు. ఎవరు ఏ పేరుతో ఏం అడుగుతున్నారో సరిగ్గా వినడమే మా పనిలో సగం, అందుకే ఈ పేర్ల గురించి జనం అనుకునేవి కొన్ని రాయాలనిపించింది.

అపోహ: సోడా అంటే ఎక్కడైనా సోడాయే.

కాదండీ. పోయిన వేసవిలో మా మేనల్లుడు న్యూజెర్సీ నుంచి కొడుకుని తీసుకొచ్చాడు. పిల్లాడు వస్తూనే "తాతా, సోడా" అన్నాడు. సంబరంగా గోలీ లోపలికి నొక్కాను, ఆ కీచుమనే చప్పుడుకి వాడు పకపకా నవ్వాడు, తీరా ఒక్క గుక్క తాగి మొహం చిట్లించి "తియ్యగా లేదేంటి?" అన్నాడు. వాళ్ల వైపు సోడా అంటే తియ్యటి కూల్ డ్రింకు, మనకేమో ఉత్త గ్యాసు నీళ్లు. పోనీ అమెరికా అంతా ఒకటే మాటా అంటే అదీ లేదు. న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో సోడా, షికాగో, మిషిగన్ వైపు పాప్, దక్షిణాది రాష్ట్రాల్లో చాలామందికి ఏ డ్రింకైనా కోకే. కోకా-కోలా 1886లో పుట్టింది ఆ దక్షిణాదిలోని అట్లాంటాలోనే మరి.

అపోహ: థమ్సప్ అడిగారంటే థమ్సప్పే కావాలి.

కుర్రాళ్లకైతే నిజమే, వేరేది ఇస్తే తిప్పి ఇచ్చేస్తారు. పెద్దవాళ్లలో చాలామందికి నల్లగా ఉన్న ప్రతిదీ థమ్సప్పే. 1977లో కోకా-కోలా దేశం వదిలిపోయింది, ఆ ఏడాదే పార్లే వాళ్లు థమ్సప్ తెచ్చారు, 1993లో కోకా-కోలా తిరిగొచ్చేసరికి ఆ పేరు జనం నోట్లో పాతుకుపోయింది. అందుకే "నల్లది ఏదైనా పర్లేదా మావయ్యా?" అని ఒకమాట అడిగే ఇస్తాను.

అపోహ: "షోడా" అనేది చదువులేనివాళ్ల మాట.

మేష్టార్లూ అంటారు, డాక్టర్లూ అంటారు. నా కొట్టు ముందు ఆ మాటకి ఎవరైనా నవ్వితే నాకు కోపం వస్తుంది.

అపోహ: కూల్ డ్రింకు ఇంగ్లీషే కదా, ఏ దేశంలోనైనా చెల్లుతుంది.

దక్షిణాఫ్రికాలో చెల్లుతుంది, అక్కడా అదే మాట. అమెరికాలో అలా అనరు.

అపోహ: నన్నారి రాయలసీమ సరుకు, మన దగ్గర ఉండదు.

నేనూ అలాగే అనుకున్నాను. మే నెల మిట్టమధ్యాహ్నం కడప లారీ డ్రైవరొకాయన వచ్చి "అన్నా, నన్నారి ఉందా?" అంటే లేదనేశాను. సుగంధి సీసా నా మోచేతి పక్కనే ఉంది. సుగంధిపాల వేళ్లతో కాచిన ఆ పాకాన్నే వాళ్లు నన్నారి అంటారని తర్వాత ఎవరో చెప్తే తెలిసింది. అంత ఎండలో మనిషిని దాహంతో పంపేశానని ఇప్పటికీ బాధే. ఇప్పుడు ఆ సీసా మీద కాగితం అంటించి రెండు పేర్లూ పెద్దక్షరాలతో రాసిపెట్టాను.