589 ఓట్ల తేడా వెనక క్రాయిడన్ అప్పుల చరిత్ర

2022 మే 5న లండన్‌లోని 32 బరోలకూ (సొంత కౌన్సిల్ ఉండే స్థానిక పాలనా ప్రాంతాలకు) ఒకేసారి ఎన్నికలు జరిగాయి. ఆ రోజు నగరంలో గాలి లేబర్ వైపే వీచింది. దశాబ్దాల తరబడి కన్జర్వేటివ్‌ల చేతిలో ఉన్న వాండ్స్‌వర్త్, వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిళ్ళు లేబర్ ఖాతాలో పడ్డాయి, బార్నెట్ కూడా వచ్చి చేరింది. దక్షిణాన క్రాయిడన్‌లో మాత్రం కథ అడ్డం తిరిగింది. ఎనిమిదేళ్ళుగా అక్కడ అధికారంలో ఉన్నది లేబరే. ప్రజలు నేరుగా ఎన్నుకున్న తొలి మేయర్ పదవి మాత్రం కన్జర్వేటివ్ అభ్యర్థి జేసన్ పెరీకి దక్కింది. ఆయనకు 38,612 ఓట్లు, లేబర్ అభ్యర్థి వాల్ షాక్రాస్‌కు 38,023. తేడా 589.

కౌన్సిల్‌లో 70 సీట్లు, మెజారిటీకి 36 కావాలి. లేబర్ 34 దగ్గర ఆగింది, కన్జర్వేటివ్‌లు 33 దగ్గర. గ్రీన్ పార్టీకి రెండు, లిబరల్ డెమోక్రాట్లకు ఒకటి. అంతకు ముందు 2018లో లేబర్‌కు 41, కన్జర్వేటివ్‌లకు 29 సీట్లు ఉండేవి. నాలుగేళ్ళలో ఇంత మార్పు ఎందుకొచ్చిందో తెలియాలంటే ఆ కౌన్సిల్ జమాఖర్చుల పుస్తకం తెరవాలి.

ముందు ఊరి స్వరూపం. 1965లో పాత క్రాయిడన్ పట్టణాన్నీ, దాని దక్షిణాన ఉన్న కౌల్స్‌డన్–పర్లీనీ కలిపి ఈ బరోను ఏర్పాటు చేశారు. 2021 లెక్కల ప్రకారం జనాభా దాదాపు 3.9 లక్షలు, లండన్ బరోల్లో అన్నిటికంటే ఎక్కువ. ఉత్తరాన థార్న్‌టన్ హీత్, సౌత్ నార్‌వుడ్, నార్‌బరీ ప్రాంతాల్లో వరస ఇళ్ళు, ఫ్లాట్లు, అద్దెకుండేవాళ్ళు, వలస వచ్చిన కుటుంబాలు. ఇక్కడ లేబర్‌కు పట్టు. దక్షిణాన పర్లీ, కౌల్స్‌డన్, శాండర్‌స్టెడ్‌లలో తోటలున్న సొంత ఇళ్ళు, అక్కడ కన్జర్వేటివ్‌లదే రాజ్యం. మధ్యలో ఉన్న కొద్ది వార్డులు ఎటు మొగ్గితే కౌన్సిల్ అటు పోతుంది. 1994 నుంచి 2006 దాకా లేబర్, 2014 దాకా కన్జర్వేటివ్, మళ్ళీ లేబర్. ప్రతిసారీ జరిగింది ఇదే.

2014లో అధికారంలోకి వచ్చిన లేబర్ ముందు పెద్ద చిక్కు ఉంది. 2010 నుంచి కేంద్ర ప్రభుత్వం కౌన్సిళ్ళకిచ్చే నిధులను ఏటా కోస్తూ వచ్చింది. వృద్ధుల సంరక్షణ, పిల్లల రక్షణ, నిరాశ్రయులకు వసతి వంటివి చట్టం ప్రకారం తప్పనిసరి, ఆపడానికి వీల్లేదు. దాంతో చాలా కౌన్సిళ్ళు వ్యాపారంలోకి దిగాయి. ప్రభుత్వ రుణసంస్థ అయిన పబ్లిక్ వర్క్స్ లోన్ బోర్డు నుంచి తక్కువ వడ్డీకి అప్పు తెచ్చి, ఎక్కువ రాబడి వచ్చేచోట పెట్టడం దీని కిటుకు.

క్రాయిడన్ ఈ పనికోసం 2015లో ‘బ్రిక్ బై బ్రిక్’ అనే సొంత గృహనిర్మాణ కంపెనీ పెట్టింది. కౌన్సిల్ అప్పు తెచ్చి కంపెనీకి ఎక్కువ వడ్డీకి ఇస్తుంది. కంపెనీ కౌన్సిల్ స్థలాల్లో ఇళ్ళు కట్టి అమ్ముతుంది. వడ్డీ, లాభం రెండూ కౌన్సిల్‌కే చేరతాయి. కాగితం మీద చూస్తే తప్పు పట్టడానికేమీ లేదు. అసలు గండం వేరే చోట ఉంది: ఇంకా చేతికి రాని ఆ రాబడిని బడ్జెట్‌లో ఆదాయంగా ముందే రాసేసుకున్నారు. ఇళ్ళు ఆలస్యమయ్యాయి, అమ్మకాలు మందగించాయి. దాదాపు 20 కోట్ల పౌండ్లు అప్పుగా వెళ్ళినా, ఆశించిన లాభం రాలేదు, వడ్డీ కూడా సరిగా తిరిగి రాలేదు.

దీనికి తోడు 2018లో దాదాపు 3 కోట్ల పౌండ్లు పోసి క్రాయిడన్ పార్క్ హోటల్‌ను కొన్నారు. 2020లో కోవిడ్ లాక్‌డౌన్ రాగానే హోటల్ నడిపే సంస్థ చేతులెత్తేసింది. 1962 నాటి సంగీత సభామందిరం ఫెయిర్‌ఫీల్డ్ హాల్స్ మరమ్మతులను పోటీ టెండరు లేకుండా బ్రిక్ బై బ్రిక్‌కే అప్పగించారు. 3 కోట్ల పౌండ్లతో అవుతుందన్న పని 6.7 కోట్లు దాటింది.

2020 అక్టోబరులో ఆడిట్ సంస్థ గ్రాంట్ థార్న్‌టన్ ‘ప్రజాప్రయోజన నివేదిక’ ఇచ్చింది. మామూలు ఆడిట్ అభ్యంతరాలతో సరిపోనప్పుడు మాత్రమే ఆడిటర్లు తీసే ఆయుధం ఇది. కౌన్సిల్ దీన్ని బహిరంగ సమావేశంలో చర్చించి తీరాలి. మూడేళ్ళలో కొత్తగా 54.5 కోట్ల పౌండ్ల అప్పు చేశారని, మొత్తం అప్పు 150 కోట్లకు చేరువైందని, ఆపదకు ఆదుకోవాల్సిన నిల్వలు లండన్‌లోనే అతి తక్కువ స్థాయికి పడిపోయాయని ఆ నివేదిక చెప్పింది. కౌన్సిలర్లు, ఉన్నతాధికారులు హెచ్చరికలు పట్టించుకోలేదని తేల్చింది. అప్పటికే కౌన్సిల్ నాయకుడు టోనీ న్యూమన్ తప్పుకున్నారు, హమీదా అలీ ఆ స్థానంలోకి వచ్చారు.

నవంబరు 11న ఆర్థికాధికారి 114వ సెక్షన్ నోటీసు జారీ చేశారు. దీన్ని అందరూ దివాలా అంటారు గానీ, బ్రిటన్‌లో కౌన్సిల్ కంపెనీలాగా దివాలా తీసే అవకాశం చట్టంలో లేదు. ఆ ఏటి ఖర్చు ఆదాయాన్ని మించిపోతుందని తెలిసిన రోజున 1988 నాటి స్థానిక ఆర్థిక చట్టం ప్రకారం ఆ అధికారి నోటీసు ఇచ్చి తీరాలి. నాయకుల అనుమతి అడగనక్కర్లేదు. నోటీసు పడ్డాక కొత్త ఖర్చులు ఆగిపోతాయి. జీతాలు, తప్పనిసరి సేవలు, అప్పటికే కుదుర్చుకున్న ఒప్పందాల చెల్లింపులు సాగుతాయి. 21 రోజుల్లో కౌన్సిల్ సమావేశమై లోటు పూడ్చే దారి చెప్పాలి. క్రాయిడన్ లోటు అప్పటికి 6.6 కోట్ల పౌండ్లు, దారి కనబడలేదు. డిసెంబరులో రెండో నోటీసు పడింది. లండన్‌లో 2000లో హాక్నీ తరవాత ఈ స్థితికి వచ్చిన కౌన్సిల్ ఇదే.

ప్రభుత్వం 2021 మార్చిలో 12 కోట్ల పౌండ్ల వెసులుబాటు ఇచ్చింది. ఇది గ్రాంటు కాదని గట్టిగా చెప్పాలి, చాలామంది ఇక్కడే పొరబడతారు. మామూలుగా అప్పునూ, ఆస్తులు అమ్మిన డబ్బునూ రోజువారీ ఖర్చులకు వాడకూడదు. ఆ నిబంధనను సడలించారు, అంతే. అంటే పాత గోతిని కొత్త అప్పుతో పూడ్చుకోవాలి, వడ్డీ భారం మళ్ళీ వచ్చే ఏళ్ళ మీదే.

అంకెలు జనానికి అంత సులువుగా కోపం తెప్పించవు. కోపం తెప్పించింది రెజీనా రోడ్డు. సౌత్ నార్‌వుడ్‌లోని ఆ కౌన్సిల్ ఫ్లాట్లలో పైకప్పుల నుంచి నీళ్ళు కారడం, గోడలంతా నల్లటి బూజు పట్టడం 2021 మార్చిలో ఐటీవీ వార్తల్లో దేశమంతా చూసింది. నెలల తరబడి ఫిర్యాదు చేసినా పట్టించుకోలేదని అక్కడివాళ్ళు చెప్పారు. కట్టని ఇళ్ళ లాభాన్ని లెక్కలో రాసుకున్న కౌన్సిల్, కట్టి ఉన్న ఇళ్ళ కారే పైపు బాగుచేయలేకపోయింది. అది జరిగింది కూడా లేబర్ కంచుకోటలోనే.

దక్షిణాన కోపం వేరే రకం. పర్లీ, కెన్లీ వీధుల్లో పాత ఇళ్ళు పడగొట్టి ఫ్లాట్లు కట్టడానికి కౌన్సిల్ ఉదారంగా అనుమతులిస్తోందని నివాసుల సంఘాలు అప్పట్లో చాన్నాళ్ళుగా మండిపడుతూ వచ్చాయి. మెజారిటీ పార్టీ కౌన్సిలర్లు తమలో ఒకరిని నాయకుడిగా ఎంచుకునే పద్ధతిలో దక్షిణాది వార్డుల ఓటుకు విలువ లేదని వాళ్ళ వాదన. బరో అంతా ఒకే నియోజకవర్గమై మేయర్‌ను ఎన్నుకుంటే ప్రతి ఓటూ లెక్కకొస్తుంది. 2000 నాటి చట్టం ప్రకారం 5 శాతం ఓటర్లు సంతకం చేస్తే రిఫరెండం (ఆ ప్రశ్న మీద ప్రజల ఓటు) పెట్టాలి. సంతకాలు సేకరించారు. 2021 అక్టోబరు 7న 47,165 మంది మేయర్ కావాలన్నారు, 11,519 మంది వద్దన్నారు. ఓటేసింది ఐదోవంతు మందే అయినా తీర్పులో సందేహం లేదు. 2022 జనవరిలో, ఎన్నికలకు నాలుగు నెలల ముందు, ఫెయిర్‌ఫీల్డ్ హాల్స్ మీద ఆడిటర్ల రెండో ప్రజాప్రయోజన నివేదిక వచ్చిపడింది.

షాక్రాస్ అనుభవం తక్కువేం కాదు. గతంలో క్రాయిడన్ కౌన్సిల్‌కు నాయకత్వం వహించారు, లండన్ రవాణా వ్యవహారాల డిప్యూటీ మేయర్‌గా పనిచేశారు. కుప్పకూలిన ఏళ్ళతో ఆమెకు సంబంధం లేదు. అయినా ఓటమి ఆమె మీద పడింది. జనం చూసింది పార్టీ పేరు.

ఆ ఎన్నికలో ఓటర్ల చేతికి రెండు రకాల బ్యాలెట్లు ఇచ్చారు. వార్డు పత్రంలో ఎన్ని సీట్లుంటే అన్ని గుర్తులు పెట్టొచ్చు, ఒకే పార్టీకి వేయాలని లేదు. ఫెయిర్‌ఫీల్డ్ హాల్స్ ఉన్న ఫెయిర్‌ఫీల్డ్ వార్డులో మూడింట రెండు సీట్లు గ్రీన్ పార్టీకి పోయింది అలాగే. లేబర్ మీద విసిగినా కన్జర్వేటివ్‌కు వేయడానికి చెయ్యి రానివాళ్ళకు అదొక దారి. క్రిస్టల్ ప్యాలెస్ – అప్పర్ నార్‌వుడ్‌లో ఒక సీటు లిబరల్ డెమోక్రాట్లకు దక్కింది.

మేయర్ పత్రంలో రెండు నిలువు వరసలు, మొదటి ఎంపిక, రెండో ఎంపిక. ఎవరికీ సగం దాటకపోతే మొదటి ఇద్దరే మిగులుతారు. మిగతావాళ్ళకు వేసిన ఓట్లలో రెండో ఎంపిక ఈ ఇద్దరిలో ఒకరైతేనే లెక్కలోకి వస్తుంది. రెండు వరసల్లోనూ ఒకే పేరుకు గుర్తు పెడితే రెండోది వృథా. రెండు ఎంపికలూ చిన్న అభ్యర్థులకే ఇస్తే ఆ ఓటు చివరి లెక్కలో ఉండదు. 589 తేడా ఉన్నచోట ఇలాంటి పత్రాలు ఎంత విలువైనవో వేరే చెప్పాలా? 2022 ఎన్నికల చట్టం ఈ పద్ధతిని తీసేసి, 2023 మే నుంచి ఎక్కువ ఓట్లొచ్చినవాళ్ళే గెలిచేలా మార్చింది.

లండన్‌లో ఉండే తెలుగువాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. ఇంగ్లండ్ స్థానిక ఎన్నికల్లో ఓటేయడానికి బ్రిటిష్ పౌరసత్వం అక్కర్లేదు. భారత్ కామన్వెల్త్ దేశం కాబట్టి, చట్టబద్ధంగా వీసా మీద ఉంటున్న విద్యార్థులకూ, ఉద్యోగులకూ 18 ఏళ్ళు నిండితే ఓటుంది. పోలింగుకు 12 పనిరోజుల ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. అద్దె ఇల్లు మారితే కొత్త చిరునామాతో మళ్ళీ నమోదు చేసుకోవాలి, మనవాళ్ళ ఓట్లు ఎక్కువగా పోయేది ఇక్కడే. 2023 నుంచి పోలింగ్ కేంద్రంలో ఫొటో గుర్తింపు చూపాలి, భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. అద్దెకుండే మామూలు కుటుంబం కూడా కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి మీద కౌన్సిల్ వేసే పన్ను) కడుతుంది కాబట్టి, ఈ ఓటు వాళ్ళ జేబుకు సంబంధించింది.

ఎంత సంబంధించిందో ఏడాది తిరగకుండానే తెలిసింది. 2022 నవంబరులో పెరీ పాలనలో మూడో 114 నోటీసు పడింది. మరుసటి ఏడాది లోటు 13 కోట్ల పౌండ్లని తేలింది. ఆ ఏడు 5 శాతం దాటి పన్ను పెంచాలంటే రిఫరెండం పెట్టాలి. ప్రభుత్వం క్రాయిడన్‌కు మినహాయింపు ఇచ్చింది. 15 శాతం పెంపును 2023 మార్చిలో కౌన్సిల్ తొలి సమావేశం తిరస్కరించింది. కొద్ది రోజులకు రెండో సమావేశంలో అది గట్టెక్కింది. మేయర్ పద్ధతిలో బడ్జెట్‌పై తొలి అభ్యంతరానికి మామూలు మెజారిటీ చాలు, రెండోసారి మేయర్ ప్రతిపాదనను కాదని మార్చాలంటే మూడింట రెండొంతులు కావాలి. 70లో అది 47. ప్రతిపక్షాలన్నీ కలిస్తే 37. నిరంకుశంగా పోతున్న నాయకత్వాన్ని అదుపు చేద్దామని తెచ్చుకున్న పద్ధతే కౌన్సిల్ చేతిని ఇలా బలహీనపరిచింది. దక్షిణ క్రాయిడన్ సంఘాలు ప్రచార సమయంలో దీన్ని తగినంతగా చర్చించాల్సింది.

పన్ను పెరిగినా అప్పు తరగలేదు. 2025–26 బడ్జెట్ నిలబెట్టడానికి మళ్ళీ 13.6 కోట్ల పౌండ్ల ప్రత్యేక వెసులుబాటు కావలసివచ్చింది. 2025 జూలైలో ప్రభుత్వం కమిషనర్లను నియమించింది. ఆర్థిక వ్యవహారాల్లో, ఉన్నతాధికారుల నియామకాల్లో కౌన్సిల్ నిర్ణయాలను పక్కనబెట్టే అధికారం వాళ్ళకుంది.