పిల్లల ఆటలు: కొన్ని అపోహలు - వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లి దగ్గర మా ప్లేస్కూల్లో సగానికి సగం తెలుగు పిల్లలే. వచ్చిన తల్లిదండ్రులు మొదట అడిగేది "రాయడం ఎప్పుడు మొదలుపెడతారండీ?" అని. ఆటల సంగతి అడిగేవాళ్లు అరుదు.

అపోహ: పైన-కింద, దగ్గర-దూరం లాంటివి బొమ్మల పుస్తకంతో వచ్చేస్తాయి.

వాస్తవం: మాటలు వస్తాయి. దూరం, లోతు మాత్రం ఒంటికి తెలియాలి. 1963లో హెల్డ్, హైన్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనల్ని జతలుగా ఒక తిరిగే కొయ్యకు కట్టారు. ఒకటి తన కాళ్లతో నడిచేది. రెండోది తొట్టెలో కూర్చుని, మొదటిది ఎటు లాగితే అటు తిరిగేది. రెండిటి కళ్లకూ కనబడింది ఒకటే. అయినా గాజుపలక కింద లోతు కనిపించే బల్ల మీద వదిలితే నడిచిన కూన లోతు వైపు వెళ్లలేదు, తొట్టెలోదానికి తేడా తెలియలేదు. వెలుతురులో స్వేచ్ఛగా తిరగనిచ్చాక అదీ నేర్చుకుంది.

మన పిల్లలకూ ఎత్తంటే జంకు చాలావరకు దోగాడటం అలవాటయ్యాకే వస్తుంది. తమాషా ఏమిటంటే, దోగాడుతూ ఏటవాలు అంచున ఆగడం నేర్చుకున్న పిల్లలే నడక రాగానే అదే వాలు మీదికి ధైర్యంగా అడుగేస్తారు. కదలిక మారితే పాఠం మళ్లీ మొదటికి!

అపోహ: వాకర్లో కూర్చోబెడితే త్వరగా నడుస్తారు.

వాస్తవం: నడవరు, పైగా మెట్ల మీంచి దొర్లే ప్రమాదం. కెనడా 2004లోనే వీటిని నిషేధించింది. అమ్మమ్మలు కొనిచ్చే మూడు చక్రాల కర్రబండి సంగతి వేరు, అక్కడ బరువు మోసేది పిల్లల కాళ్లే.

అపోహ: బెంగళూరు ఫ్లాట్లో ఆటలకు చోటేదీ?

వాస్తవం: నాలుగు స్తంభాలాటకు నాలుగు స్తంభాలు చాలు (కార్లు తిరిగే చోట మాత్రం వద్దు). నాలుగేళ్ల పాప దొంగ ఎటు చూస్తున్నాడో గమనిస్తుంది, ఖాళీ స్తంభానికి వాడికన్నా ముందు చేరగలనా అని కళ్లతోనే కొలుస్తుంది, ఒక్కోసారి రెండడుగులు వేసి వెనక్కి వచ్చేస్తుంది. ఏ వర్క్‌షీట్‌లోనూ నాకు ఇంత లెక్క కనబడలేదు.

ఆదివారం లాల్‌బాగ్ తోటలోని బండ ఎక్కించండి, చంకనెత్తుకుని మాత్రం కాదు. పరుగున ఎక్కినవాడు దిగేటప్పుడు ఆగి, వెనక్కి తిరిగి, చేతులు ఆనించి దిగుతాడు. పక్కనే ఉండండి, చెయ్యి పట్టుకుని లాగకండి.

అపోహ: ట్యాబ్‌లో పజిల్ ఆడినా అదే కదా.

వాస్తవం: కాదు, అక్కడ కదిలేది వేలొక్కటే. మూడు నాలుగేళ్ల వాళ్లకు రోజుకు కనీసం 180 నిమిషాల కదలిక, అందులో 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా ఉండాలని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. స్ట్రోలర్లోనో కుర్చీలోనో ఒకేసారి గంటకు మించి కట్టిపడేయొద్దని కూడా చెప్పింది. మన ట్రాఫిక్‌లో స్కూల్ వ్యాన్‌కే ఆ గంట సరిపోతోంది, కాబట్టి దిగగానే ఎత్తుకోకుండా గేటు నుంచి ఇంటిదాకా నడిపించండి.