వెయిట్ లాస్ సర్జరీ తర్వాత బయట తినేవి, తాగేవి: రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఆపరేషన్ అయిన మొదటి నెల అందరూ చాలా జాగ్రత్తగానే ఉంటారండి. కొలిచి తాగుతారు, అలారం పెట్టుకుని మందులు వేసుకుంటారు, ఇంట్లో వాళ్ళు కూడా కనిపెట్టుకుని ఉంటారు. నా దగ్గరికి ఇబ్బందులతో వచ్చేది ఎక్కువగా ఆరో నెల దాటాక, అంటే మళ్ళీ ఆఫీసు, ప్రయాణాలు, పిల్లల్ని దింపడం తీసుకురావడం అన్నీ మొదలయ్యాక. ఇంట్లో తిండి బాగానే ఉంటుంది, గడప దాటాకే లెక్క తప్పుతుంది. నేను బేరియాట్రిక్ (అంటే బరువు తగ్గించే సర్జరీ) డైటీషియన్ని, స్లీవ్ (పొట్టలో ఎక్కువ భాగం తీసేసే సర్జరీ) అయినవాళ్ళని, గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్ట పైభాగంలో చిన్న సంచి చేసి దాన్ని నేరుగా పేగుకి కలిపే సర్జరీ) అయినవాళ్ళని రోజూ చూస్తుంటా, బయట తినేవాటి గురించి తాగేవాటి గురించి దాదాపు ప్రతి ఒక్కరి నోటా వినే మాటలు కొన్ని ఉన్నాయి, వాటి గురించే ఈ పోస్ట్.

ముందే ఒక మాట, ఇదంతా మామూలు తిండికి వచ్చేసినవాళ్ళ కోసం, చాలామందికి అది సర్జరీ అయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి వస్తుంది. ఇంకా లిక్విడ్, మెత్తటి తిండి దశలో ఉన్నవాళ్ళు మీకిచ్చిన చార్ట్ దాటొద్దు. మీ కేసు చూసి మీ సర్జన్, మీ డైటీషియన్ వేరేగా చెప్పి ఉంటే వాళ్ళ మాటే మీకు లెక్క.

అపోహ: పొట్ట చిన్నదైపోయింది కదా, ఇంక ఏం తిన్నా ఎక్కువ తినలేను

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే, అందుకే కాస్త వివరంగా చెప్తా. స్లీవ్‌లో పొట్టని దాదాపు 75 నుంచి 80 శాతం తీసేస్తారు, బైపాస్‌లో పైన చేసే చిన్న సంచి సుమారు 30 మిల్లీలీటర్లే పడుతుంది. నిజమే, చోటు తక్కువ. కానీ ఆ చోటులో ఆగే తిండికే ఆ హద్దు పనిచేస్తుంది, ఆగకుండా జారిపోయేదానికి హద్దు ఎక్కడుంది?

కన్సల్టేషన్‌లో నేను ఒకటి చేసి చూపిస్తా, మీరూ ఇంట్లో చేసి చూడండి. రెండు గ్లాసుల్లో కొంచెం కొంచెం గోరువెచ్చని నీళ్ళు పోసి ఒకదాంట్లో బిస్కెట్ వెయ్యండి, ఇంకోదాంట్లో ఉడకబెట్టిన గుడ్డు ముక్క వెయ్యండి. కొన్ని నిమిషాలాగి స్పూన్‌తో కదిపితే బిస్కెట్ మొత్తం విడిపోయి పల్చటి జావలా అయిపోతుంది, గుడ్డు ముక్క మాత్రం వేసింది వేసినట్టే ఉంటుంది. మీ పొట్టలో కూడా దాదాపు ఇదే జరుగుతుంది. బిస్కెట్లు, చిప్స్, క్రాకర్స్, పఫ్స్ లాంటివి నోట్లోనే సగం కరిగి లోపలికి జారిపోతాయి, నిండిన ఫీలింగ్ రాదు, ప్యాకెట్ అయిపోయిన సంగతి కూడా తెలీదు. గుడ్డు, చికెన్, చేప, టోఫు, గట్టి చీజ్ లాంటివి మూడు నాలుగు ముద్దలకే చాలనిపిస్తాయి. "చికెన్ తింటే బరువుగా ఉంటోంది మేడం, బిస్కెట్ అయితే హాయిగా దిగుతోంది" అని చాలామంది అదేదో మంచి విషయం అన్నట్టు చెప్తారు, ఆ హాయిగా దిగడమేనండి అసలు సమస్య. నాలుగు ముద్దలకే అలా ఆపడమే సర్జరీ మీకిచ్చిన సాయం, దాన్ని మనమే పక్కన పెట్టేస్తున్నాం. బరువు మళ్ళీ పెరుగుతోందని వచ్చినవాళ్ళ తిండి రాయిస్తే, భోజనాల కంటే ఈ మధ్యమధ్యలో జారిపోయినవే నాకు ఎక్కువగా కనిపిస్తాయి.

అపోహ: ఫ్రూట్ జ్యూస్ నేచురల్, ఎనర్జీ వస్తుంది

ఒకావిడ, బైపాస్ అయ్యి ఏడాది కాలేదు, పొద్దున ఏమీ తినకుండా బయల్దేరి కార్‌లో ఒక బాటిల్ ఆరెంజ్ జ్యూస్ తాగేశారు. పావుగంటలో గుండె దడ, ఒళ్ళంతా చెమటలు, కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, కళ్ళు బైర్లు కమ్మడం, బండి పక్కకి ఆపేసి సీట్ వెనక్కి వాల్చి పడుకున్నారు. హార్ట్ ఎటాకేమో అని భయపడిపోయారు పాపం. అది డంపింగ్. చక్కెర ఎక్కువున్నది ఒక్కసారిగా చిన్న పేగులోకి దిగితే పేగు ఒంట్లోని నీటిని తనలోకి లాగుతుంది, దాంతో ఈ గొడవంతా తిన్న పది నిమిషాల నుంచి గంట లోపు వస్తుంది. ఇంకో రకం ఉంది, అది ఆలస్యంగా, గంట నుంచి మూడు గంటల మధ్యలో వస్తుంది, ఎందుకంటే అంత చక్కెర ఒకేసారి రక్తంలోకి వచ్చేసరికి ఇన్సులిన్ అవసరానికి మించి విడుదలై షుగర్ పడిపోతుంది, చేతులు వణకడం, విపరీతమైన ఆకలి, మాట తడబడటం. రోడ్డు మీద డ్రైవింగ్‌లో ఉంటే ఇది ఎంత ప్రమాదమో మీరే ఆలోచించండి. ఆ టైంకి కొంచెం గ్లూకోజ్ తీసుకోక తప్పదు, కానీ తర్వాత ప్రోటీన్ ఉన్నది ఏదైనా తినాలి, మాటిమాటికీ వస్తుంటే దాచుకోకుండా డాక్టర్‌కి చెప్పాలి. బైపాస్ వాళ్ళకి డంపింగ్ ఎక్కువ, స్లీవ్ వాళ్ళకి అసలు రాదనుకోవడం మాత్రం పొరపాటు.

జ్యూస్ నేచురలే, కాదనను. కానీ 240 మిల్లీలీటర్ల ఆరెంజ్ జ్యూస్‌లో 20 గ్రాములకి పైనే చక్కెర ఉంటుంది, పీచు దాదాపు పోతుంది, ప్రోటీన్ చెప్పుకునేంత ఉండదు. పండు తినాలనిపిస్తే పండే తినండి, చిన్న ముక్కలు చేసుకుని, ముందు రెండు ముద్దలు ప్రోటీన్ తిని ఆ తర్వాత. స్మూతీలు, తియ్యటి కోల్డ్ కాఫీలు, స్పోర్ట్స్ డ్రింకులు కూడా ఇదే లెక్కలోకి వస్తాయి.

అపోహ: ప్రోటీన్ బార్ అని రాసుంది కాబట్టి మంచిదే

ముందు వైపు పెద్ద అక్షరాలు వదిలేసి వెనక్కి తిప్పండి. మూడు చూస్తే చాలు. ఒకటి, ప్రోటీన్ ఎన్ని గ్రాములు, పది కంటే తక్కువుంటే అది స్వీటే. రెండు, చక్కెర ఎంత, ప్రోటీన్ కంటే చక్కెర ఎక్కువుంటే అక్కడే పెట్టేయండి. మూడు, పదార్థాల లిస్ట్‌లో మొదట ఏముంది, ఎందుకంటే బరువులో ఏది ఎక్కువో దాన్ని ముందు రాస్తారు. తేనె, సిరప్, డెక్స్‌ట్రోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్, పేరు ఏదైనా మీ పేగుకి దాదాపు చక్కెరే. సర్వింగ్ సైజ్ కూడా చూసుకోండి, కొన్నిటి మీద రాసిన అంకెలు సగం బార్‌కే ఉంటాయి.

షుగర్ ఫ్రీ బార్ తిన్న రోజల్లా కడుపుబ్బరం, గ్యాస్, మోషన్స్ అంటూ ఫోన్ చేసేవాళ్ళు చాలామంది, చూస్తే లిస్ట్‌లో మాల్టిటాల్ లేదా సార్బిటాల్ (చక్కెర బదులు తీపి కోసం వేసేవి) ఉంటుంది. అందరికీ పడదని కాదు, కొత్త బార్ ఏదైనా మొదటిసారి ఇంట్లో ఉన్న రోజు సగం తిని చూడండి, మీటింగ్‌కి వెళ్ళే ముందు మాత్రం వద్దు.

ఈ మధ్య కొల్లాజెన్ డ్రింకులు బాగా కనిపిస్తున్నాయి, 20 గ్రాముల ప్రోటీన్ అని రాస్తారు, మా వాళ్ళు కూడా లెక్కలో కలిపేసుకుంటున్నారు. కొల్లాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం ఉండదు, అందుకే అది పూర్తి ప్రోటీన్ కాదు. చాలామందికి రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ కావాలని చెప్తాం కదా, అందులో దీన్ని కలపొద్దు. వే (whey, పాల విరుగుడు తేట నుంచి తీసేది), పాలు, గుడ్డు, సోయా ప్రోటీన్ అయితే సరే. సర్జరీ తర్వాత కొందరికి పాలు పడటం మానేస్తాయి, అలాంటివాళ్ళు వే ఐసొలేట్ వాడి చూడొచ్చు, అందులో లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర) చాలా తక్కువ.

అపోహ: నట్స్ ఆరోగ్యమే, ఎన్ని తిన్నా పర్లేదు

ఆరోగ్యమే. కానీ 28 గ్రాముల బాదం, అంటే ఇరవై మూడు గింజలు, సుమారు 160 క్యాలరీలు, ప్రోటీన్ మాత్రం 6 గ్రాములే, అది ఒక గుడ్డులో వచ్చేదానికి సమానం, గుడ్డులో క్యాలరీలు దాదాపు సగమే. డబ్బా ఒళ్ళో పెట్టుకుని తింటుంటే ఇరవై మూడు దగ్గర ఎవరూ ఆగరు. ఇంట్లోనే లెక్కపెట్టి చిన్న డబ్బాలో వేసుకోండి, పెద్ద డబ్బా ఇంట్లోనే వదిలేయండి. మెత్తగా పేస్ట్ అయ్యేదాకా నమలకపోతే అడ్డం పడతాయి కూడా.

అపోహ: తింటూ నీళ్ళు తాగితేనే ముద్ద దిగుతుంది

దిగుతుంది, అదే వద్దంటున్నాం. తినేటప్పుడు తాగితే చిన్న పొట్టలో రెండిటికీ చోటు చాలక ఇబ్బంది, వాంతి, లేదా తిన్నది త్వరగా కిందికి వెళ్ళిపోయి మళ్ళీ ఆకలి. తిన్నాక అరగంట ఆగి తాగండి. ముద్ద నీళ్ళు లేకుండా దిగట్లేదంటే చాలాసార్లు కారణం ఒకటే, సరిగ్గా నమలట్లేదు, లేదా తిండి బాగా ఎండిపోయింది. నిన్నటి చికెన్ బ్రెస్ట్ పొడిగా తినే బదులు కొంచెం చిక్కటి పెరుగులో కలుపుకోండి, తేడా మీకే తెలుస్తుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అదే నాకు ఎక్కువ భయం. తినేటప్పుడు తాగొద్దన్నారని అసలు రోజంతా తాగడమే మర్చిపోతారు. సర్జరీ తర్వాత మళ్ళీ హాస్పిటల్‌లో చేరాల్సి రావడానికి ఒంట్లో నీళ్ళు తగ్గిపోవడం ఒక ముఖ్యమైన కారణం. రోజుకి కనీసం లీటరున్నర. మునుపటిలా గటగటా తాగలేరు కాబట్టి సాయంత్రం గుర్తొచ్చి ఒకేసారి తాగేద్దామంటే కుదరదు, గుక్క గుక్క చొప్పున రోజంతా తాగుతూ ఉండాలి. అర లీటర్ బాటిల్ ఒకటి పెట్టుకుని మధ్యాహ్నం భోజనానికి ముందు ఒకటి, సాయంత్రానికి రెండోది, పడుకునే లోపు మూడోది అని పెట్టుకోండి. యూరిన్ ముదురు పసుపులో వస్తోందంటే వెనకబడ్డారు. తల తిరుగుతూ యూరిన్ బాగా తగ్గిపోతే మాత్రం ఇంట్లో కూర్చోకండి, చూపించుకోండి.

అపోహ: జీరో షుగర్ సోడా కదా, ఏం కాదు

చక్కెర లేదు, గ్యాస్ ఉంది. చిన్న పొట్టలో ఆ గ్యాస్ ఉబ్బరం, నొప్పి, త్రేన్పులు తెస్తుంది. సోడా తాగితే పొట్ట సాగిపోతుందని భయపెడుతుంటారు, నేనైతే అలా భయపెట్టను, ఇబ్బంది పెడుతుంది కాబట్టి వద్దంటా, అంతే.

అపోహ: కాఫీ జీవితాంతం బంద్

కాదు. మొదటి కొన్ని వారాలు ఆపమంటాం, తర్వాత చాలామంది రోజుకి ఒకటి రెండు కప్పులు తాగుతూనే ఉంటారు. నాకు అభ్యంతరం కాఫీ మీద కాదు, దాంట్లో పడే క్రీమ్, సిరప్, చక్కెర మీద, కొన్ని పెద్ద కప్పులు ఒక పూట భోజనమంత క్యాలరీలతో వస్తాయి, తాగేసేది మాత్రం పది నిమిషాల్లో. ఇంకోటి, ఐరన్ మాత్ర కాఫీతోగానీ టీతోగానీ వేసుకోకండి, ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు. కాల్షియం మాత్రకి, ఐరన్‌కి మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి. ఎప్పుడూ ప్రయాణాల్లో ఉండేవాళ్ళు ఇక్కడే తప్పుతారు, అన్ని మాత్రలూ ఒకే పూట కాఫీతో మింగేసి బయల్దేరతారు.

మద్యం సంగతి కూడా చెప్పాలి. బైపాస్ తర్వాత ఆల్కహాల్ చాలా త్వరగా రక్తంలోకి ఎక్కుతుంది, స్లీవ్ వాళ్ళకి కూడా మునుపటి లెక్క పనిచేయదు. ఇంతకుముందు రెండు గ్లాసులకి ఏమీ అనిపించనివాళ్ళకి ఒక్క గ్లాసుకే ఎక్కేస్తుంది, "ఒక్కటే కదా తాగా" అని బండి తీయకండి. కొందరిలో సర్జరీ తర్వాత కొత్తగా అలవాటు ముదిరిపోవడం కూడా ఉంది. మొదటి ఏడాది అసలు ముట్టుకోవద్దనే నా మాట.

అపోహ: ఆకలి లేదు కాబట్టి తినకపోయినా ఫర్వాలేదు

స్లీవ్‌లో తీసేసే భాగంలోనే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారవుతుంది, అందుకే మొదట్లో ఆకలే ఉండదు. పొద్దున మానేసి, మధ్యాహ్నం పనిలో పడి, సాయంత్రం నీరసమొచ్చాక చేతికి దొరికింది నోట్లో వేసుకుంటారు, దొరికేది ఎప్పుడూ బిస్కెట్ ప్యాకెట్టే. ఆకలి కోసం ఎదురుచూడకుండా టైం చూసి తినండి. అలాగని గంటకోసారి ఏదో ఒకటి కొరుకుతూ ఉండటం కూడా కాదు, మూడు పూటలు, మధ్యలో అవసరమైతే ఒకటి రెండు స్నాక్స్, మిగతా టైం నీళ్ళు.

అపోహ: అప్పుడప్పుడు వాంతి మామూలే

త్వరత్వరగా తింటే, సరిగ్గా నమలకపోతే వస్తుంది, స్టీరింగ్ పట్టుకుని తినేవాళ్ళలో నేను ఎక్కువగా చూసేది ఇదే. ఐదు నిమిషాల్లో తినాల్సి వస్తే అసలు తినకండి, ప్రోటీన్ షేక్ కొంచెం కొంచెం తాగి, తర్వాత కూర్చుని తినండి. కానీ రోజూ వాంతులవుతుంటే, నీళ్ళు కూడా నిలవట్లేదంటే అది మామూలు కాదు. అలా రోజుల తరబడి సాగితే విటమిన్ బి1 పడిపోయి నరాలు, మెదడు దెబ్బతింటాయి. నా దగ్గరికి ఒకతను మూడు వారాలు ఓర్చుకుని, కాళ్ళు తిమ్మిర్లెక్కి తూలుతూ వచ్చాడు. "సర్జరీ అయినవాళ్ళకి ఇలాగే ఉంటుందని ఎవరో అన్నారు" అన్నాడు. నాకు ఇప్పటికీ బాధేస్తుంది, మొదటి వారంలోనే ఒక్క ఫోన్ చేసుంటే సరిపోయేది.

మరి బ్యాగ్‌లో ఏం పెట్టుకోవాలి అంటారా, నా పేషెంట్ ఒకావిడ బ్యాగ్ చూశా మొన్న. చిన్న కూలర్ పౌచ్‌లో ఐస్ ప్యాక్, పొట్టు తీసిన రెండు గుడ్లు, ఒక చీజ్ ముక్క, చక్కెర లేని చిక్కటి పెరుగు చిన్న కప్పు. పక్కన షేకర్‌లో కొలిచి వేసుకున్న ప్రోటీన్ పొడి, నీళ్ళు కలపకుండా పొడిగానే, ఎందుకంటే కలిపేసి పెడితే గంటల తరబడి బయట పాడవుతుంది. ఒక నీళ్ళ బాటిల్, దాని మీద మార్కర్‌తో గీసుకున్న టైం గీతలు. మాత్రల డబ్బాలో ఐరన్ ఒక అరలో, కాల్షియం ఇంకో అరలో. గుడ్లు, పెరుగు, చికెన్ లాంటివి చల్లదనం లేకుండా రెండు గంటలకి మించి ఉంచకండి, బాగా ఎండగా ఉంటే గంటే, కార్‌లో వదిలేసి మళ్ళీ సాయంత్రం తినేద్దామని అస్సలు అనుకోకండి. ఐస్ ప్యాక్ కుదరని రోజు విడిగా చిన్న ప్యాకెట్లలో వచ్చే టూనా, లెక్కపెట్టిన నట్స్, పైన చెప్పినట్టు చూసి కొన్న బార్ పెట్టుకోండి. ఆవిడ పెరుగు కప్పు మీద ఒక చిన్న స్పూన్ రబ్బర్ బ్యాండ్‌తో కట్టి ఉంది, ఎందుకని అడిగితే "పెద్ద స్పూన్‌తో తింటే పెద్ద ముద్ద వెళ్తుంది మేడం, దీంతో అయితే ఇరవై నిమిషాలు పడుతుంది" అన్నారు.