పాడిందే పాడే గ్రూపులు: ఒక అడ్మిన్ రాసుకున్న అపోహలు, వాస్తవాలు

ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల గురించి మాట్లాడుకునే రెండు గ్రూపులకు చాలా ఏళ్లుగా అడ్మిన్‌గా ఉంటున్నాను. కొత్తగా కంప్యూటర్ పట్టుకునేవాళ్లకు క్లాసులు కూడా చెబుతాను. నిజం చెప్పాలంటే క్లాసులో వచ్చే ప్రశ్నలకన్నా గ్రూపులో వచ్చే జవాబులే నాకు ఎక్కువ టెన్షన్. క్లాసులో తెలియనివాళ్లు "తెలియదు" అంటారు. గ్రూపులో ఆ మాట వినపడి ఎన్నాళ్లయిందో గుర్తులేదు. ఒకే ఇష్టం ఉన్నవాళ్లంతా ఒకచోట చేరి ఒకరి మాటనే ఇంకొకరు తిప్పి చెప్పుకోవడాన్ని ఎకో ఛాంబర్ అంటున్నారు. మనకు పాత మాటే ఉంది: పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ.

అపోహ: ఇంతమంది ఒకే మాట చెబుతున్నారంటే అది నిజమే అయ్యుంటుంది.

వాస్తవం: ఇక్కడ నా తప్పే ముందు చెప్పుకోవాలి. మా గ్రూపులో పైన పిన్ చేసిన మెసేజ్ ఒకటి ఉండేది. "నెలకోసారి బ్యాటరీని పూర్తిగా సున్నాకి దించి, మధ్యలో ఆపకుండా వంద దాకా ఎక్కించండి. లేకపోతే బ్యాటరీ పాడవుతుంది." పెట్టింది నేనే. ఎవరైనా "ఛార్జింగ్ నిలవడం లేదు" అనగానే పదిమంది ఆ మెసేజ్ చూడమనేవారు. ఒకరోజు కొత్తగా చేరిన కుర్రాడొకడు "అన్నా, అది పాత నికెల్-కాడ్మియం బ్యాటరీల సంగతి కదా, ఇప్పటి ఫోన్లలో ఉన్నది లిథియం-అయాన్" అని రాశాడు. వెంటనే నవ్వు ఎమోజీలు. "ఎన్ని ఫోన్లు విప్పావ్ తమ్ముడూ?" అని ఒకరు. నేను చూసి ఊరుకున్నాను. అడ్మిన్ ఊరుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క. రెండు రోజుల్లో అతను గ్రూపు వదిలి వెళ్లిపోయాడు.

అది మనసులో గుచ్చుతూనే ఉంది. ఇంతకీ ఆ మెసేజ్ నాకెక్కడిదని వెతికితే, ఇంకో గ్రూపు నుంచి కాపీ చేసుకున్నానని తేలింది. అక్కడి అడ్మిన్‌ని అడిగాను. "మీ గ్రూపులోనే చూసినట్టు గుర్తు" అన్నాడు.

కుర్రాడు చెప్పిందే సరైనది. నికెల్-కాడ్మియం బ్యాటరీలకు మెమరీ ఎఫెక్ట్ అనే సమస్య ఉండేది. సగంలోనే పదేపదే ఛార్జింగ్ పెడితే కెపాసిటీ తగ్గినట్టు కనిపించేది, అందుకే పూర్తిగా దించమనేవారు. 1991లో మార్కెట్లోకి వచ్చిన లిథియం-అయాన్ సంగతి వేరు. తరచూ సున్నాకి దించడం, వేడెక్కనివ్వడం, ఎప్పుడూ నిండుగా ఉంచడం, వీటివల్లే అది తొందరగా అరుగుతుంది. ఎప్పుడైనా ఒకసారి పూర్తిగా దించి ఎక్కిస్తే స్క్రీన్ మీద కనిపించే శాతం లెక్క కాస్త సర్దుకోవచ్చు. అంతే, ఆయుష్షు పెరగదు.

అంటే మేం చెప్పింది పుట్టుకతో అబద్ధం కాదు, కాలం చెల్లిన నిజం. టెక్ గ్రూపుల్లో నేను చూసిన తప్పుల్లో ఈ రకమే ఎక్కువ. ఎస్‌ఎస్‌డీని (తిరిగే డిస్కు లేని కొత్తరకం స్టోరేజ్) డీఫ్రాగ్ చేయమనడం, అంటే చెదిరిన ఫైళ్ల ముక్కలను ఒకచోట సర్దమనడం, అలాంటిదే; అది పాత హార్డ్ డిస్కుల సంగతి. మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చి తీరాలనడమూ అంతే. ఊరికే గడువు పెట్టి మార్పించవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. ఒకప్పుడు నిజమే కాబట్టి చెప్పేవాడి గొంతులో అనుమానం ఉండదు. వినేవాడికి కావలసింది ఆ ధీమాయే.

పైగా ఆ "ఇంతమంది" కూడా కనిపించినంత మంది కాదు. ఆన్‌లైన్ సమూహాల్లో సుమారు 90 శాతం చదివి ఊరుకుంటారని, 9 శాతం అప్పుడప్పుడూ రాస్తారని, మిగిలిన 1 శాతమే ఎక్కువ భాగం రాస్తుందని వెబ్‌సైట్ల వాడకం మీద పరిశోధన చేసే జేకబ్ నీల్సన్ 2006లో ఒక ఉజ్జాయింపు లెక్క చెప్పాడు. మా పాత మెసేజ్‌లు తిరగేస్తే బ్యాటరీ సలహా ఇచ్చినవాళ్లు ఎప్పుడూ అదే ఏడుగురు. అందులో ఒకడిని నేను.

అపోహ: టెక్నాలజీ బాగా వచ్చినవాళ్లు ఇలాంటి వాటిలో పడరు.

వాస్తవం: పరికరం వాడటం వేరు, సమాచారాన్ని తూచడం వేరు. స్టాన్‌ఫర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ చేసిన అధ్యయనం నేను ప్రతి బ్యాచ్‌కీ చెబుతాను. చరిత్రలో పీహెచ్‌డీ చేసిన 10 మందిని, 10 మంది ఫ్యాక్ట్ చెకర్లను (వార్తల్లో నిజానిజాలు తేల్చేవాళ్లను), 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులను కూర్చోబెట్టి కొన్ని వెబ్‌సైట్లు చూపించారు. పిల్లల డాక్టర్ల సంఘాలు రెండు, పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకటి వేలమంది సభ్యులున్న పెద్ద సంస్థ, రెండోది దాన్నుంచి చీలిపోయిన చిన్న వర్గం. విద్యార్థుల్లో సగానికి పైగా ఆ చిన్న వర్గం సైటునే ఎక్కువ నమ్మారు. ఫోన్‌తోనే పెరిగిన పిల్లలు వాళ్లు! చరిత్రకారుల్లో కూడా కొందరు తికమకపడ్డారు. వీళ్లంతా ఆ పేజీలోనే కిందికీ పైకీ తిరుగుతూ లోగో, డిజైన్, రిఫరెన్సులు చూస్తూ ఉండిపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం పేజీని కాసేపు చూసి, కొత్త ట్యాబ్ తెరిచి, ఆ సంస్థ గురించి బయటివాళ్లు ఏమంటున్నారో వెతికారు.

గ్రూపుకీ ఇదే వర్తిస్తుంది. గ్రూపులో చెప్పిన మాటను ఆ గ్రూపులోనే సెర్చ్ చేసి "ఇదిగో, నిరుడు కూడా ఇదే చెప్పారు" అంటే అది వెరిఫై చేయడం కాదు.

అపోహ: అంతా అల్గారిదం, అంటే ఎవరికి ఏ పోస్టు చూపించాలో నిర్ణయించే ప్రోగ్రామ్, చేస్తున్న పని.

వాస్తవం: కొంతవరకే. వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌లు వచ్చిన వరుసలోనే కనిపిస్తాయి, ముందుకు తోసేది ఏదీ లేదు. మా బ్యాటరీ కథ అక్కడే నడిచింది.

అపోహ: అవతలి వాదన కూడా వినిపిస్తే చాలు, అందరి కళ్లూ తెరుచుకుంటాయి.

వాస్తవం: నేనూ ఇలాగే అనుకునేవాణ్ణి. తత్వవేత్త సి. థి న్గుయెన్ 2020లో సమాచార బుడగకూ ఎకో ఛాంబర్‌కూ మధ్య ఒక తేడా చెప్పాడు, అప్పటినుంచి నా ఆలోచన మారింది. బుడగలో ఉన్నవాళ్లకు బయటి మాట చేరదు, అంతే, చేరిస్తే మారొచ్చు. ఎకో ఛాంబర్‌లో ఉన్నవాళ్లకు బయటి మాట చేరుతుంది. కానీ అది చెప్పేవాడిని నమ్మకూడదని వాళ్లకు ముందే నూరిపోసి ఉంటారు. మా కుర్రాడి మాట అందరూ చదివారు. "ఎన్ని ఫోన్లు విప్పావ్" అన్న ఒక్క ప్రశ్నతో అతని మాట విలువ సున్నా అయిపోయింది.

రాజకీయాల్లో దీన్ని పరీక్షించి చూశారు కూడా. అమెరికాలో ట్విటర్ వాడేవాళ్లకు నెలరోజుల పాటు ఎదుటి పక్షం పోస్టులు చూపించిన ప్రయోగం 2018లో వచ్చింది. రిపబ్లికన్లు మెత్తబడలేదు సరికదా, తమ వైపుకే ఇంకా జరిగారు. డెమొక్రాట్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

మరి ఏం పనిచేస్తుంది? 1950లలో మనస్తత్వవేత్త సాలమన్ ఆష్ గీతల పొడవు పోల్చమని చేసిన ప్రయోగాలు చూడండి. గదిలో ముందే చెప్పిపెట్టిన మిగతావాళ్లంతా తప్పు గీతనే చూపిస్తుంటే చాలామంది కనీసం ఒక్కసారైనా కళ్లెదుట ఉన్నదాన్ని కాదని గుంపుతో పాటు అనేశారు. నిజం చెప్పే తోడు ఒక్కరు ఉంటే చాలు, అలా తలూపడం బాగా తగ్గిపోయింది. ఆరోజు నేను "అతను చెప్పింది చూద్దాం ఆగండి" అని ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది.

అపోహ: తప్పు దిద్దితే జనం ఇంకా మొండికేస్తారు, అనవసరం.

వాస్తవం: 2010లో వచ్చిన ఒక అధ్యయనంతో ఈ మాట బాగా ప్రచారమైంది. తర్వాత 10,000 మందికి పైగా మనుషులతో, 52 అంశాల మీద చేసిన పరిశోధన 2019లో అచ్చయింది. అందులో ఆ ఎదురుదెబ్బ దాదాపు కనిపించలేదు. ఇప్పుడు నేను తప్పు కనిపిస్తే దిద్దుతున్నాను. ఎవరి పేరూ ఎత్తను, తయారీదారు పేజీ లింక్ పెట్టి "నేనూ ఇన్నాళ్లూ తప్పే చెప్పాను" అని మొదలుపెడతాను. నా అనుభవంలో ఆ వాక్యం చేసేంత పని లింక్ కూడా చేయదు.

పాత పిన్ తీసేశాను. కొత్తదాని కింద తేదీ, ఆధారం రాశాను. ఎప్పుడూ 80 శాతం దగ్గర ఆపేయమని అందులో ఉంది. మొన్న ఒకామె అడిగారు: "ఇది అన్ని మోడళ్లకూ వర్తిస్తుందా అండీ? మీ లింక్‌లో ఒక్క మోడల్ గురించే ఉంది." కింద అప్పటికే నలుగురు "అడ్మిన్ గారు చెప్పారుగా" అని రాసేశారు. వాళ్లను ఆగమని చెప్పి, మిగతా మోడళ్ల పేజీలు ఒక్కొక్కటే తెరిచి చూస్తున్నాను.