గడ్డ కరిగినా మిగిలే కణాలు

కీమోతో రొమ్ములో గడ్డ కరిగిపోతుంది. కొన్నేళ్లకు అదే క్యాన్సర్ ఎముకలోనో కాలేయంలోనో తిరగబెడుతుంది. అంటే ఏదో మిగిలిందన్నమాట. అదేమిటన్న వెతుకులాట రక్త క్యాన్సర్‌తో మొదలైంది. లుకేమియా కణాల్లో అతి కొద్ది మాత్రమే ఎలుకలో జబ్బును మళ్లీ పుట్టించగలవని 1994లో టొరంటోలో జాన్ డిక్ బృందం చూపింది.

రొమ్ము క్యాన్సర్ వంతు 2003లో వచ్చింది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ క్లార్క్, మాక్స్ విచా, షాన్ మారిసన్ తదితరులు రోగుల గడ్డల్లోని కణాలను పైపొర ప్రొటీన్లను బట్టి వేరుచేశారు. సీడీ44 ఉండి, సీడీ24 లేని లేదా తక్కువగా ఉన్న కణాలు వంద చాలు, రోగనిరోధక శక్తి దెబ్బతిన్న ఎలుకలో గడ్డ లేచింది. మిగతావి వేలకొద్దీ ఎక్కించినా లేవలేదు. వీటికే క్యాన్సర్ మూలకణాలని పేరు. కీమో ప్రధానంగా వేగంగా విభజన చెందే కణాలను చంపుతుంది. నిదానంగా ఉండే ఈ కణాలు, లోపలికొచ్చిన మందును బయటికి తోసేసే పంపులతో బతికిపోతాయి.

సరే, వీటినే చంపే మందు? 2009లో రాబర్ట్ వైన్‌బర్గ్, ఎరిక్ లాండర్ బృందాలు దాదాపు 16,000 రసాయనాలను జల్లెడ పడితే తేలినది సాలినోమైసిన్. మన కోళ్ల రైతులకు ఇది కొత్త పేరేమీ కాదు, రక్తపారుడు రాకుండా దాణాలో కలిపేదే. ప్రయోగశాలలో ఈ కణాల వాటాను, కీమో మందు పాక్లిటాక్సెల్‌తో పోలిస్తే, 100 రెట్లకు పైగా తగ్గించింది. అయితే మోతాదు కాస్త మించినా విషమే. గుర్రాలకైతే కొద్దిపాటిది కూడా ప్రాణాంతకం.

అసలు చిక్కు వేరే ఉంది. మామూలు కణాలు కూడా మూలకణ లక్షణాలు తెచ్చుకోగలవని 2008లో వైన్‌బర్గ్ ప్రయోగశాలే చూపింది. అదే ఏడాది మారిసన్ బృందం రోగనిరోధక శక్తి ఇంకా తక్కువున్న ఎలుకలను వాడితే, మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో నాలుగింట ఒక కణం గడ్డను పుట్టించింది. ఎలుక మారితే లెక్కే మారిపోయింది! ఉన్నవాటిని చంపినా, పక్క కణాలు వాటి స్థానంలోకి రావచ్చు.

ఎలుకల్లో ఈ కణాలను తగ్గించిన రెపారిక్సిన్ అనే మందును, శరీరంలో పాకిన ట్రిపుల్ నెగెటివ్ (హార్మోన్ మందులకు లొంగని రకం) రొమ్ము క్యాన్సర్ ఉన్న 123 మందిపై పాక్లిటాక్సెల్‌తో కలిపి పరీక్షించారు. ఫలితాలు 2021లో వచ్చాయి. జబ్బు ముదరకుండా ఆగిన మధ్యస్థ కాలం రెపారిక్సిన్ వాడినవారిలో 5.5 నెలలు, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 5.6 నెలలు.