అల్సర్ మాత్రకు మరో పని

పన్ను వాచినా, సైనస్ ముదిరినా డాక్టర్లు తరచుగా రాసే అమాక్సిసిలిన్–క్లావులనిక్ ఆమ్లం మాత్రలో రెండోదానికి బాక్టీరియాను చంపే శక్తి నామమాత్రమే. అమాక్సిసిలిన్‌ను ముక్కలు చేసే బాక్టీరియా ఎంజైమును కదలనివ్వకుండా పట్టుకోవడమే దాని పని. మొండికేసిన బాక్టీరియా కోసం కొత్త యాంటీబయాటిక్ వెతకడం ఒక దారి. ఉన్నదానికి ఇలా కాపలా పెట్టడం ఇంకో దారి. ఈ కాపలాకు వేరే రోగాల మందులు పనికొస్తాయేమోనని శాస్త్రవేత్తలు చాలాకాలంగా వెతుకుతున్నారు.

క్లావులనిక్ ఆమ్లానికి లొంగని ఎంజైము ఎన్‌డీఎం-1 (న్యూఢిల్లీ మెటలో-బీటా-లాక్టమేజ్). న్యూఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ వెళ్లిన రోగిలో 2008లో బయటపడింది కనుక దానికి మన రాజధాని పేరు అంటగట్టారు. మనవాళ్లు ఎంత అభ్యంతరం చెప్పినా ఆ పేరే నిలిచిపోయింది. ఈ ఎంజైము ఉన్న బాక్టీరియా, ఐసీయూల్లో చివరి అస్త్రంగా దాచుకునే యాంటీబయాటిక్ మెరోపెనెమ్‌ను కూడా నిర్వీర్యం చేస్తుంది. ఎంజైము నడిమధ్య రెండు జింకు అయాన్లు ఉంటాయి. అవి ఒక నీటి అణువును చురుకు చేసి, దానితో మందులోని నాలుగు పరమాణువుల వలయాన్ని తెంచేస్తాయి. వలయం తెగిందా, మందు ఎందుకూ కొరగాదు.

మరి ఆ జింకునే ఊడబెరికితే? హాంకాంగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ఆ పని చేసి చూపించారు. అందుకు వాడింది బిస్మత్ అనే లోహపు లవణం, బిస్మత్ సబ్‌సిట్రేట్. కడుపులో పుండ్లకు దశాబ్దాలుగా ఇస్తున్న మందే. వేసుకున్నవాళ్లకు మలం నల్లగా వచ్చి కంగారు పుట్టిస్తుంది. ఒక్క బిస్మత్ అయాను వచ్చి కూర్చుంటే రెండు జింకు అయాన్లూ చోటు ఖాళీ చేస్తాయి. అక్కడి సిస్టీన్ అనే అమైనో ఆమ్లంలో ఉన్న గంధకాన్ని బిస్మత్ పట్టుకుందంటే ఇక వదలదు. బిస్మత్ తోడైనప్పుడు ఎలుకల్లో మెరోపెనెమ్ మళ్లీ పనిచేసింది. బాక్టీరియాలో నిరోధకత పెరగడం కూడా నెమ్మదించింది.

పాత మందే కదా, భద్రమేనని అనుకోవడానికి మాత్రం నాకు మనసు ఒప్పదు. బిస్మత్ మాత్ర మింగితే రక్తంలోకి చేరేది అత్యల్పం. కడుపు పుండుకు అదే మేలు, రక్తంలో ఇన్‌ఫెక్షన్‌కు అదే లోటు. పోనీ మోతాదు పెంచుదామంటే, బిస్మత్ లవణాలను విచ్చలవిడిగా వాడిన ఫ్రాన్స్‌లో 1970లలో ఎంతోమందికి మెదడు దెబ్బతింది.

క్షయ విషయంలోనూ ఇలాంటి చిక్కే ఎదురైంది. మన రక్షణ కణాలు మింగేసిన క్షయ క్రిమి, పడవలో చేరిన నీటిని తోడిపోసినట్టు, లోపలికొచ్చిన మందును పంపు ప్రొటీన్లతో బయటికి తోడేస్తుంది. బరోడాలో వైద్యం చదివిన లలితా రామకృష్ణన్ బృందం అమెరికాలో 2011లో దీన్ని కనిపెట్టింది. గుండెకు, రక్తపోటుకు వాడే వెరాపమిల్ ఆ పంపులకు అడ్డుపడుతుందని కూడా చూపించింది. అయితే క్షయ చికిత్సకు మూలస్తంభమైన రిఫాంపిసిన్ కాలేయాన్ని ఉసిగొల్పి వెరాపమిల్‌ను త్వరత్వరగా ఖర్చు చేయిస్తుంది. మోతాదు పెంచితే రక్తపోటు పడిపోవచ్చు, గుండె లయ మందగించవచ్చు.

శరీరంలో వెరాపమిల్ మారి నార్‌వెరాపమిల్ అవుతుంది. అది కూడా పంపులను అంతే బాగా అడ్డుకుంటుందనీ, గుండెపై దాని ప్రభావం తక్కువనీ అదే బృందం 2014లో ప్రకటించింది.